మిల్టన్ మర

తెలుగులో "మర" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. వడ్లు ఆడించేదీ మరే, చెక్కలోకి తిప్పి బిగించేదీ మరే. మొదటిది ఊరి చివర ఇంజను చప్పుడుతో ఉండేది, రెండోది వడ్రంగి సంచిలో అడుగున తుప్పు పట్టి ఉండేది. కెనడాలో నేనుంటున్న మిల్టన్ ఈ రెండు మరల వల్లా పెరిగిన ఊరని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

టొరంటోకి పడమరగా, 401 హైవేని ఆనుకుని, నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే రాతి కొండవాలు కింద ఉంటుంది మిల్టన్. రెండు వందల ఏళ్ళ కిందట జాస్పర్ మార్టిన్ అనే ఆయన కుటుంబంతో వచ్చి, సిక్స్‌టీన్ మైల్ క్రీక్ అనే వాగు మీద పిండిమర కట్టాడు. మర చుట్టూ ఇళ్ళు, ఇళ్ళ చుట్టూ ఊరు. ఆంగ్ల కవి మిల్టన్ మీద గౌరవంతో ఆ పేరు పెట్టారని ఊరి చరిత్ర చెబుతుంది. అదేం కాదు, "మిల్ టౌన్" అరిగి మిల్టన్ అయిందని ఇంకొందరంటారు. కవా, పిండిమరా అన్న తగువు సాహిత్యం చదివేవాళ్ళకి బాగానే ఉంటుంది గానీ, ఈ ఊరి పేరు కెనడా అంతా తెలియడానికి కారణం ఆ రెండూ కాదు. తలమీద నలుచదరపు గుంట ఉన్న ఒక చిన్న ఇనప మర.

ఆ మర గురించి నేనెందుకు పట్టించుకుంటున్నానో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. నేను హార్డ్‌వేర్‌లో చేస్తాను. తెలుగువాళ్ళ విందుల్లో ఈ మాట అనగానే వచ్చే మొదటి ప్రశ్న "చిప్ డిజైనా అండీ?" అని. కాదండీ, తలుపులు. బళ్ళకీ ఆసుపత్రులకీ ఆఫీసులకీ గోదాములకీ పెట్టే ఉక్కు తలుపులు, వాటి ద్వారబంధాలు, బందులు, తాళాలు, తలుపు తనంతట తాను మూసుకునేలా చేసే క్లోజర్లు. కంప్యూటర్లు పుట్టకముందు నుంచీ ఇంగ్లీషులో హార్డ్‌వేర్ అంటే ఇవే. ఇది చెప్పాక అవతలివాళ్ళు కాస్త నిరుత్సాహపడి, వాళ్ళింట్లో కిర్రుమంటున్న తలుపు గురించి అడుగుతారు.

బయటివాళ్ళకి తలుపంటే తలుపే. మాకు అదొక పట్టిక. ఆర్కిటెక్టు ప్లానులో తలుపంటే పావు వంతు వృత్తం గీత, పక్కన ఒక నంబరు. ఆ నంబరు పట్టుకుని ఒక్కో తలుపుకీ ఒక్కో వరస రాయాలి. ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, ఏ మందం రేకు, కుడిచేతిదా ఎడమచేతిదా, లోపలికి తెరుచుకోవాలా బయటికా, నిప్పుని ఎన్ని నిమిషాలు ఆపాలి, ఏ తాళం, ఆ తాళంచెవి ఇంకే గదికి పట్టాలి, ఏ గదికి పట్టకూడదు. రాతి గోడల్లో ద్వారబంధాలు ముందే కావాలి, తాపీపనివాళ్ళు వాటిని నిలబెట్టి చుట్టూ గోడ కట్టుకుపోతారు. తలుపులు ఎన్నో నెలల తరవాత వస్తాయి. పట్టికలో కుడికి బదులు ఎడమ అని పడిందంటే, అది తెలిసేసరికి గోడ లేచిపోయి ఉంటుంది.

ఈ పనిలో అన్నిటికంటే చిన్న వస్తువు మర. మూడడుగుల తలుపుకి మామూలుగా 3 బందులు. నాలుగున్నర అంగుళాల బందుకి ఒక్కో రెక్కకి 4 చొప్పున 8 మరలు. అంటే తలుపుకి 24. 200 తలుపులున్న బడికి బందులకే 4,800 మరలు. తాళాలవీ, క్లోజర్లవీ వేరే లెక్క.

బందుల పెట్టె విప్పితే ఒక చిన్న పొట్లంలో ఈ మరలుంటాయి. మాకు వచ్చేవాటిలో చాలావరకు మర తలమీద కూడిక గుర్తు ఉంటుంది. దాన్ని ఫిలిప్స్ అంటారు. అదే సైటులో పక్కన చెక్కపని చేస్తున్న కార్పెంటరు నడుము సంచిలో చెయ్యి పెడితే వచ్చే మరకి నలుచదరపు గుంట ఉంటుంది. దాన్ని రాబర్ట్‌సన్ అంటారు. ఆ రాబర్ట్‌సన్ మర పెరిగింది ఈ ఊళ్ళోనే. అలాంటిది మిల్టన్‌లో బిగించే తలుపుకి కూడా పొట్లంలో ఫిలిప్స్ ఎందుకొస్తుంది? చిన్న ప్రశ్నే గానీ, జవాబు కోసం వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఆ రెండూ రాకముందు మర తలమీద ఉండేది ఒకే ఒక గాడి. ఇంగ్లండులో జాబ్ వయట్, విలియం వయట్ అనే అన్నదమ్ములు మరల్ని యంత్రం మీద చేసే పద్ధతికి 1760లో పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు ఒక్కో మరనీ చేత్తో ఆకురాయి పట్టి చేసేవాళ్ళు. యంత్రాలొచ్చాక మర చవకైంది గానీ తలమీది గాడి మారలేదు. రంపంతో ఒక్క కోత కోస్తే గాడి పడుతుంది. అది తయారు చేసేవాడికి తేలిక. తిప్పేవాడి సంగతి ఎవరూ అడగలేదు.

తిప్పేవాడి సంగతి నాకు చిన్నప్పుడే తెలుసు. నర్సాపురంలో మా వీధి చివర ఒక వడ్రంగి ఉండేవాడు. పిల్లలందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన మరని ముప్పాతిక వంతు సుత్తితో దిగ్గొట్టి, చివర రెండు చుట్లు మాత్రం తిప్పేవాడు.

"మరని కొడతావేంటి బాబాయ్?" అన్నాన్నేను.

"కొట్టేదాకా కొట్టాలి, తిప్పేదాకా తిప్పాలి. మొత్తం తిప్పుతూ కూచుంటే కూలి నువ్విస్తావేంట్రా?" అన్నాడు.

కొట్టిన మరకి చెక్కలో పట్టు ఉండదు, చుట్టూ ఉన్న పీచు చితికిపోయి అది మేకుతో సమానమవుతుంది. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. గాడిలో పెట్టిన పేచీ పక్కకి జారుతుంది. ఒక చేత్తో మరని పట్టుకోవాలి, రెండో చేత్తో తిప్పాలి, తలుపుని మోకాలితో ఆపాలి. జారితే చెక్క మీద గీత పడుతుంది, లేదా చెయ్యి తెగుతుంది. రోజుకూలి మనిషికి సుత్తే దిక్కు. తిప్పడం కుదరని మర చేసినవాడి తప్పు, తిప్పనివాడి మీద పడింది.

సరిగ్గా ఇలా చెయ్యి తెగిన మనిషే పీటర్ లింబర్నర్ రాబర్ట్‌సన్. 1879లో ఒంటారియోలోనే పుట్టాడు. ఊరూరా తిరిగి పనిముట్లు అమ్మే సేల్స్‌మన్. మాంట్రియల్‌లో జనం ముందు స్ప్రింగు స్క్రూడ్రైవరు ఒకటి చూపిస్తుంటే అది గాడిలోంచి జారి చేతిని చీల్చిందనీ, అక్కడినుంచే ఆయనకి కొత్త మర ఆలోచన మొదలైందనీ చెబుతారు. గాడికి బదులు చదరపు గుంట పెడితే జారదు కదా అన్న ఆలోచన అంతకుముందు వేరేవాళ్ళకీ వచ్చింది. అయితే చల్లటి ఇనుములో గుంట కొడితే మర తల బీటలిచ్చేది. రాబర్ట్‌సన్ గొప్పతనమంతా ఆ గుంట ఆకారంలో ఉంది. పై అంచులు కాస్త ఏటవాలుగా, గోడలు లోపలికి పోయేకొద్దీ కొద్దిగా సన్నబడుతూ, అడుగు పిరమిడ్‌లా ఉండేలా పోటు చేశాడు. దాంతో కొట్టినప్పుడు లోహం చిట్లకుండా పక్కలకి జరిగి, తల బలహీనపడడానికి బదులు గట్టిపడింది. పైగా స్క్రూడ్రైవరు గుంటలో బిగుసుకుని మరని తనే పట్టుకుంటుంది. రెండో చెయ్యి ఖాళీ. తలుపు ఎత్తి పట్టుకుని బందు బిగించినవాడికి ఆ ఖాళీ చెయ్యి ఎంత విలువైందో చెప్పక్కర్లేదు.

1908లో ఆయన మిల్టన్‌లో కర్మాగారం పెట్టాడు. మరుసటి ఏడాది కెనడా పేటెంటు వచ్చింది. అప్పటికి ఊళ్ళో 2,000 మంది కూడా లేరు. అయినా ఊరి పెద్దలు ఆయనకి అప్పిచ్చి, పన్నుల్లో వెసులుబాటు కల్పించారు. పిండిమర ఊరు ఇనప మరని నమ్ముకుంది.

నమ్మకం ఒమ్ము కాలేదు. మొదట్లో ఆయన దగ్గర కొన్న పెద్ద కంపెనీల్లో ఫోర్డ్ కార్లకి బాడీలు చేసే ఫిషర్ బాడీ ఒకటి. విండ్సర్ దగ్గర ఉండేది. ఆ రోజుల్లో మోడల్ టి కారు బాడీలో చెక్క చాలా ఉండేది. ఒక్కో కారుకి సుమారు 700 మరలు పట్టేవి. రాబర్ట్‌సన్ మరలతో కారుకి 2.60 డాలర్లు మిగిలేవని చరిత్రకారులు రాశారు. పైసా పైసా లెక్కేసే హెన్రీ ఫోర్డ్‌కి అది చిన్న మొత్తం కాదు. ఆ మరల్ని తమకి కావలసినట్టు తయారు చేసుకునే హక్కు కావాలన్నాడు. రాబర్ట్‌సన్ ఇవ్వనన్నాడు.

మొండివాడని తిట్టుకునే ముందు ఆయన వైపు నుంచి చూడాలి. అంతకుముందు ఇంగ్లండులో తన మర చెయ్యడానికి పెట్టిన కంపెనీ మొదటి ప్రపంచయుద్ధం కాలంలో దెబ్బతిని మూతపడింది. తన సొంత హక్కుల్ని తనే డబ్బు పెట్టి వెనక్కి కొనుక్కోవలసి వచ్చింది. ఆ తరవాత ఆయనకి ఒకటే పట్టుదల. మర తన అదుపులో ఉండాలి, తన కర్మాగారంలోనే తయారవ్వాలి. దాంతో అమెరికా తలుపు మూసుకుంది.

ఆ సందులోకి వచ్చినవాడు ఆరెగన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్ వాడు హెన్రీ ఫిలిప్స్. జాన్ థాంప్సన్ అనే ఆయన ఊహించిన కూడిక గుర్తు మర హక్కులు కొని, మెరుగుపరిచి, 1936లో పేటెంట్లు తీసుకున్నాడు. రాబర్ట్‌సన్‌కీ ఫిలిప్స్‌కీ తేడా ఇక్కడే ఉంది. ఫిలిప్స్ తాను మరలు చెయ్యలేదు. అడిగినవాళ్ళందరికీ లైసెన్సు ఇచ్చాడు. అమెరికన్ స్క్రూ కంపెనీ ముందుకొచ్చింది, జనరల్ మోటార్స్ కాడిలాక్ కారులో వాడింది. 1940 నాటికి అమెరికాలో మరలు చేసే కంపెనీల్లో అత్యధిక భాగం ఫిలిప్స్ లైసెన్సుతో చేస్తున్నాయి. ఆ మరలో ఒక సుగుణముంది, వేగంగా పోతున్న వరసలో మిషను స్క్రూడ్రైవరు దాని మధ్యకి తనే సర్దుకుంటుంది. ఒక అవగుణముంది, గట్టిగా తిప్పితే పైకి జారిపోతుంది, తల అరిగిపోతుంది. అరిగిన ఫిలిప్స్ మరని ఊడదీయడానికి అవస్థ పడని తలుపు పనివాడు ఉత్తర అమెరికాలో ఉండడు.

నా ప్రశ్నకి జవాబు ఇదే. భవనాల తలుపుల సామాను ఖండం మొత్తానికీ ఒకే కొలతలతో, ఒకే ప్రమాణాలతో తయారవుతుంది. ఆ కొలతలు నిర్ణయించేది పెద్ద మార్కెట్టు. అమెరికా వాడేదే పొట్లంలో వస్తుంది. చెక్కపని మాత్రం స్థానికం, కాబట్టి కెనడా కార్పెంటరు సంచిలో ఇప్పటికీ చదరపు గుంటే. పిడి రంగుని బట్టి సైజు చెప్పేస్తాడు, పచ్చ, ఎరుపు, నలుపు. "ఎర్రది ఇటివ్వు" అంటే మారు ప్రశ్న ఉండదు.

ఇది మంచి వస్తువు ఓడిపోయిన కథ. మా వృత్తిలో మంచి వస్తువు గెలిచిన కథ కూడా ఒకటుంది. విచిత్రమేమిటంటే అదీ 1908 నాటిదే, అదీ ఒక హార్డ్‌వేర్ సేల్స్‌మన్ కథే.

ఆయన పేరు కార్ల్ ప్రిన్జ్‌లర్. ఇండియానాపొలిస్‌లో వానెగట్ హార్డ్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. 1903 డిసెంబర్ 30న షికాగోలో ఇరక్వాయ్ థియేటర్‌లో మధ్యాహ్నం ఆటకి వెళ్ళవలసినవాడు, పని పడి ఆగిపోయాడు. ఆ థియేటర్ తెరిచి ఐదారు వారాలే అయింది, నిప్పు అంటుకోదని ప్రచారం చేసుకున్నారు. ఆ మధ్యాహ్నం నిప్పంటుకుంది. సెలవురోజులు కావడంతో హాలు నిండా ఆడవాళ్ళూ పిల్లలూ. కొన్ని తలుపులకి తాళాలున్నాయి, కొన్నిటికి జనానికి తెలియని రకం గడియలున్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. వెనకనుంచి తోసుకొస్తుంటే లోపలికి తెరుచుకునే తలుపు గోడతో సమానం. 602 మంది చనిపోయారు.

ప్రిన్జ్‌లర్ ఆ తలుపుల్ని మరిచిపోలేకపోయాడు. యజమాని ఇబ్బంది కూడా ఆయనకి తెలుసు. టికెట్టు లేనివాళ్ళు దూరకుండా బయటనుంచి తాళం ఉండాలి. మరి లోపలినుంచి? హెన్రీ డ్యుపాంట్ అనే ఇంజనీరుతో కలిసి, తలుపుకి అడ్డంగా నడుమెత్తున ఒక కడ్డీ పెట్టే ఏర్పాటు చేశాడు. బయటనుంచి తాళం తాళమే. లోపలనుంచి ఒళ్ళు ఆనితే చాలు తెరుచుకుంటుంది. చీకట్లో, పొగలో, ఎప్పుడూ ఆ తలుపు చూడని పిల్లవాడు కూడా తెరవగలడు. 1908లో అది అమ్మకానికి వచ్చింది. వానెగట్, డ్యుపాంట్, ప్రిన్జ్‌లర్ పేర్లలో ముక్కలు కలిపి వాన్ డ్యుప్రిన్ అన్నారు. నేటికీ ఆ పేరుతోనే వస్తోంది. ఆ హార్డ్‌వేర్ కంపెనీ పెట్టిన క్లెమెన్స్ వానెగట్, నవలాకారుడు కర్ట్ వానెగట్‌కి ముత్తాత.

ఇలాంటి గడియకి ప్రిన్జ్‌లరే మొదటివాడు కాదు. 1883లో ఇంగ్లండులోని సండర్‌లండ్‌లో ఒక హాలు మెట్ల దగ్గర, ఒక్కొక్కరే దూరేలా గడియ పెట్టిన తలుపు దగ్గర 183 మంది పిల్లలు నలిగి చనిపోయాక, రాబర్ట్ బ్రిగ్స్ అనే ఆయన అక్కడ పేటెంటు తీసుకున్నాడు. కెనడా వంతు 1927 జనవరి 9న వచ్చింది. మాంట్రియల్‌లో లారియర్ ప్యాలెస్ సినిమా హాల్లో నిప్పంటుకుని 78 మంది పిల్లలు చనిపోయారు. చాలామందిని చంపింది మంట కాదు, మెట్ల మీద తొక్కిసలాట. ఆ తరవాత 16 ఏళ్ళ లోపు పిల్లల్ని సినిమా హాళ్ళకి రానివ్వకుండా క్యూబెక్ చట్టం చేసింది. 1941లో కెనడా జాతీయ భవన నిబంధనావళి మొదటిసారి వెలువడింది. నేనిప్పుడు పట్టికలో "బయటికి తెరుచుకోవాలి" అని రాసే ప్రతి వరస వెనకా ఇలాంటి ఒక తేదీ ఉంది.

రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అనిపించేది ఇది. మంచి వస్తువు మంచిదనే కారణం చేత గెలవదు. ఫిలిప్స్ మర లైసెన్సుల వల్ల గెలిచింది. నెట్టే కడ్డీ చట్టం వల్ల గెలిచింది, ఆ చట్టాన్ని రాయించింది చావులు. రాబర్ట్‌సన్ మర వెనక చట్టమూ లేదు, లైసెన్సులూ లేవు. అది లేకపోతే ఎవరూ చావరు, పనివాడి మణికట్టు నొప్పెడుతుంది, అంతే. చావులు రాయించినంత తేలిగ్గా పనివాడి మణికట్టు చట్టాలు రాయించదు.

మరి రాబర్ట్‌సన్ ఓడాడా? ప్రపంచ మార్కెట్టు లెక్కలో ఓడాడు. 1951లో చనిపోయేదాకా ఆయన కర్మాగారం మాత్రం మిల్టన్‌లోనే ఉంది. అప్పిచ్చిన ఊళ్ళో పని ఉంది, పని నేర్చుకున్న మనుషులున్నారు. ఫోర్డ్‌కి హక్కులిచ్చి ఉంటే ఆ మర డెట్రాయిట్ మర అయ్యేది. ఆయన ధనవంతుడయ్యేవాడేమో, ఈ ఊరికి ఏం మిగిలేది? ఈ ప్రశ్న నేను చాలాసార్లు వేసుకున్నాను. ఆయన మొండితనంలో ఊరి భాగం ఎంతో, అహం భాగం ఎంతో నేను తేల్చలేను. కానీ నలభై ఏళ్ళపాటు ఒక చిన్న ఊరికి జీతాలిచ్చిన మొండితనాన్ని ఉత్త ఓటమి అనడానికి నాకు మనసొప్పదు.

ఆ ఊరు ఇప్పుడు చిన్నది కాదు. 2001లో 31,471 మంది ఉన్న మిల్టన్‌లో 2021 నాటికి 1,32,979 మంది ఉన్నారు. టొరంటో రైలు ప్లాట్‌ఫారం మీద తెలుగు వినపడని రోజు లేదు. కొత్త బళ్ళు, కొత్త గోదాములు, 2017లో తెరిచిన ఆసుపత్రి విస్తరణ, అన్నిటికీ తలుపులే. వాటిలో నిప్పు ఆపే తలుపులకి బందు పక్క అంచున చిన్న లోహపు బిళ్ళ ఉంటుంది, ఎన్ని నిమిషాలు ఆగుతుందో దానిమీద రాసి ఉంటుంది. రంగులవాళ్ళు తెలియక దానిమీద రంగు పూసేస్తారు, తనిఖీకి వచ్చినవాడు గీకించి చదువుతాడు. ఆ తరవాత మరలు చూస్తాడు. బందుకి ఒక్క మర లేకపోయినా రాసుకుంటాడు. మంటలో వేడికి ఉక్కు రెక్క వంగుతుంటే దాన్ని చౌకట్టుకి పట్టి ఉంచేవి ఆ 24 మరలే. తల అరిగిందనో, చేతికందలేదనో వదిలేసిన మర అక్కడ తేలుతుంది. పనివాడి మణికట్టుకీ మనిషి ప్రాణానికీ ఉన్న దూరం మనం అనుకున్నంత కాదు.

ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 1997 జూన్ 13న 59 మంది చనిపోయారు. అదనపు సీట్ల కోసం బాల్కనీలో ఒక పక్క దారి మూసేశారు. హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మంది చనిపోయిన ఇంటికి రాకపోకలకి ఒకటే ఇరుకు దారి. మనకి చట్టాలు లేక కాదు. పెళ్ళిళ్ళకి ఇండియా వెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలు వెనక తలుపు దాకా నడిచి చూడడం నాకు అలవాటు. చాలాచోట్ల దానికి గొలుసూ తాళంకప్పా ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకర్ని చూపిస్తారు. బంధువులు నవ్వుతారు, "వీడికి ఇక్కడా తలుపులే" అని. తాళంచెవి మనిషి దొరికేదాకా నేను భోజనానికి కూచోను.